పాఠకుడి చిరునామా: తెలుగు నవల స్వీయ ప్రచురణ – ఒక చారిత్రక పరిశీలన

తెలుగు నవలల లోపలి పేజీలో ముద్రణ సంవత్సరం, ప్రతుల సంఖ్య, ధరల కింద ‘ప్రతులకు’ అనే చిన్న శీర్షిక ఉంటుంది. సాహిత్య చరిత్రకారులు ముద్రణ సంవత్సరం కోసం ఆ పేజీ తిరగేస్తారు గాని, ఆ శీర్షిక కింది చిరునామాలను పెద్దగా పట్టించుకోరు. నవల పాఠకుడికి ఏ దారిన చేరిందో చెప్పేవి ఆ చిరునామాలే. ఇంటర్నెట్ దుకాణాల ద్వారా రచయితలు తమ నవలలను తామే అమ్ముకోవడాన్ని కొత్త పరిణామంగా భావించడం పరిపాటి. అయితే రచయితే ప్రచురణకర్త కావడం తెలుగు నవలకు పుట్టుకతో వచ్చిన లక్షణం. కాలక్రమంలో మారుతూ వచ్చింది పాఠకుడి చిరునామా ఎవరి చేతిలో ఉన్నదన్న విషయం.

తొలి తెలుగు నవల ఏదన్న చర్చలో నరహరి గోపాలకృష్ణమ సెట్టి ‘శ్రీరంగరాజ చరిత్రము’ (1872) ప్రస్తావన తప్పక వస్తుంది. ఆ వివాదం ఎలా ఉన్నా, ప్రచురణ చరిత్ర దృష్ట్యా కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ ముఖ్యమైనది. ఆయన 1874లో ‘వివేకవర్ధని’ పత్రికను స్థాపించారు. మొదట మద్రాసులో అచ్చు వేయించినా, ఆ దూరాభారం భరించలేక రాజమండ్రిలోనే ముద్రణాలయం నెలకొల్పుకున్నారు. నవల 1878లో ఆ పత్రికలో ధారావాహికగా వెలువడి, 1880లో పుస్తకమైంది. రచన, సంపాదకత్వం, ముద్రణ ఒక్కరి అధీనంలోనే ఉన్నాయి. వీటికంటే విలువైన మరొకటి కూడా ఆయన దగ్గర ఉంది. అది పత్రిక చందాదారుల జాబితా. నవల పుస్తకంగా రాకముందే దాన్ని చదివినవారు ఎవరో, ఏ ఊరివారో రచయితకు తెలుసు.

తపాలా శాఖ వి.పి.పి. పద్ధతిని ప్రవేశపెట్టింది కూడా ఆ రోజుల్లోనే, 1877లో. పుస్తకం ఇల్లు చేరాక పోస్టుమ్యాన్‌కు సొమ్ము చెల్లించే ఈ ఏర్పాటు లేకపోతే పుస్తకాల అంగడి లేని ఊళ్లలోని పాఠకుడికి నవల అందడం కష్టమయ్యేది. నేటి ‘క్యాష్ ఆన్ డెలివరీ’కి ఇదే పూర్వరూపం. 1906లో హైదరాబాదులో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి, 1911లో మొదలైన ఆంధ్ర ప్రచారిణీ గ్రంథమాల వంటి సంస్థలు తపాలాను, చందాను జోడించి ప్రచురణను వ్యవస్థగా మలిచాయి. ముందే చందా కట్టిన పాఠకుల సంఖ్యను బట్టి ప్రతులు అచ్చువేయడం వీటి బలం. దీంతో జాబితా రచయిత చేతి నుంచి గ్రంథమాల కార్యదర్శి చేతికి మారింది.

తరువాతి అర్ధశతాబ్దంలో అది మరింత దూరమైంది. కొవ్వలి లక్ష్మీనరసింహారావు నవలలు రైల్వే స్టేషన్లలో అమ్ముడయ్యేవి. కొన్నవాడు రైలెక్కి వెళ్లిపోతాడు, అతడి చిరునామా ఎవరికీ అక్కరలేదు. వారపత్రికల సీరియళ్లు, అద్దె లైబ్రరీలు ప్రబలిన కాలంలో నవల చదివేవారు అపారంగా పెరిగినా వారి పేర్లు ఉన్నది అద్దె లైబ్రరీవారి ఖాతా పుస్తకాల్లోనే. ఎమెస్కో చేపట్టిన ‘ఇంటింటా గ్రంథాలయం’ పథకం ఒక్కటే పాత చందా పద్ధతిని పెద్ద ఎత్తున పునరుద్ధరించింది.

వారపత్రికల ప్రాభవం తగ్గాక నవలా రచయిత మళ్లీ సొంత ఖర్చు దగ్గరికే వచ్చాడు. ఐదువందలో వెయ్యో ప్రతులు అచ్చువేయించి, కొన్ని మిత్రులకు పంచి, మిగిలినవి విజయవాడ, హైదరాబాదుల పుస్తక విక్రేతలకు ఇవ్వడం ఆనవాయితీ అయింది. 200 రూపాయల నవలకు 40 శాతం కమీషన్ ఇస్తే రచయితకు మిగిలేది 120. అందులోంచే ముద్రణ ఖర్చు, రవాణా ఖర్చు రావాలి. ఆ 120 కూడా ప్రతి అమ్ముడైన తరువాతే, చాలాసార్లు అడగగా అడగగా చేతికి వచ్చేది. అమ్ముడుపోని కట్టలు రచయిత ఇంటి అటక మీద మిగలడం తెలుగు సాహిత్య లోకంలో పాత హాస్యమే గాని, ఆ కట్టల వెనుక భార్య నగలు, పదవీ విరమణ సొమ్ము ఉన్న సందర్భాలు తక్కువేమీ కావు.

2010లో హైదరాబాదు కేంద్రంగా మొదలైన ‘కినిగె’ ఈ పరిస్థితిలో వచ్చిన మలుపు. రచయిత నేరుగా తన పుస్తకాన్ని ఇ-పుస్తకంగా ఉంచి రాయల్టీ పొందే వీలు తెలుగుకు విస్తృతంగా కలిగింది అప్పుడే. విదేశాల్లోని తెలుగు పాఠకుడికి ఇది మరీ ఉపకరించింది. నవల ధర కంటే దాన్ని అమెరికాకు పంపే తపాలా ఖర్చు ఎక్కువ కావడమే ఇందుకు కారణం.

అయితే లిపి రూపంలో ఒక అడ్డంకి ఎదురైంది. తెలుగుకు యూనికోడ్‌లో 1991 నుంచే స్థానం ఉన్నా, డి.టి.పి. కేంద్రాలు చిరకాలం పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే పని సాగించాయి. ఆ ఫైళ్లలో అక్షరాలు తెలుగు సంకేతాలుగా కాక, ఆంగ్లాక్షరాల స్థానాల్లో అమర్చిన బొమ్మల్లా ఉంటాయి. వాటిని పి.డి.ఎఫ్.గా మార్చవచ్చు గాని, ఫోను తెర వెడల్పుకు తగ్గట్టు పంక్తులు సర్దుకునే ఇ-పుస్తకంగా నేరుగా మార్చలేరు. మార్పిడి చేస్తే ఒత్తులు తారుమారవుతాయి. నవల మొత్తం మళ్లీ ప్రూఫు చూడవలసిందే. దుకాణం సిద్ధంగా ఉన్నా పాత నవలలు త్వరగా అందులోకి చేరకపోవడానికి ఇది ముఖ్య కారణం.

మరో అడ్డంకి వాణిజ్యపరమైనది. అమెజాన్ సంస్థ కిండిల్‌తో పాటు రచయితల స్వీయ ప్రచురణ సేవను 2007లో ప్రారంభించింది. 2016 డిసెంబరులో కిండిల్ దుకాణం హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళ పుస్తకాలకు తెరుచుకుంది. స్వీయ ప్రచురణ సేవ ఇ-పుస్తకాలకు స్వీకరించిన భారతీయ భాషలూ ఇవే. ఎనిమిది కోట్లకు పైగా మాతృభాషీయులున్న తెలుగుకు ఆ పట్టికలో చోటు దక్కలేదు. తమిళ రచయితకు ఒక్క రాత్రిలో సాధ్యమైన పని తెలుగు రచయితకు సాధ్యం కాలేదు. తెలుగులో స్వీయ ప్రచురణ ఇ-పుస్తకం కంటే అచ్చు పుస్తకాన్నే ఆశ్రయించి నిలవడానికి పాఠకుల అభిరుచి ఒక్కటే కారణమని చెప్పడం సరికాదు. ఈ భాషా విధానాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

పన్ను విధానమూ అచ్చు వైపే మొగ్గింది. జి.ఎస్.టి.లో అచ్చు పుస్తకానికి పన్ను లేదు. ఇ-పుస్తకంపై 18 శాతం పన్ను ఉండగా, 2018 జులైలో దాన్ని 5 శాతానికి తగ్గించారు. అదీ అచ్చు ప్రతి ఉన్న పుస్తకాలకే. కేవలం ఇ-పుస్తకంగా వచ్చిన నవలకు ఆ తగ్గింపు వర్తించలేదు. ఐ.ఎస్.బి.ఎన్. విషయంలో మాత్రం రచయితకు ఇబ్బంది లేదు. రాజా రామమోహన్ రాయ్ జాతీయ సంస్థ రచయితలకు కూడా ఉచితంగానే దాన్ని కేటాయిస్తుంది. బెంగళూరులో 2008లో మొదలైన ‘పోతి’, చెన్నైలో 2012లో మొదలైన ‘నోషన్ ప్రెస్’ వంటివి అడిగినన్ని ప్రతులే అచ్చువేసే పద్ధతిని పరిచయం చేశాయి. ప్రతి ఒక్కంటి ఖర్చు పెరిగినా, అటక మీది కట్టల బాధ దీంతో తప్పింది.

అయితే ఈ దుకాణాలు రచయితకు తిరిగి ఇవ్వనిది ఒకటుంది. అమ్ముడైన ప్రతుల సంఖ్య అతడి ఖాతాలో కనిపిస్తుంది గాని, కొన్నవారు ఎవరో కనిపించదు. రచయితే విక్రేతగా నమోదై తానే పార్సిలు కట్టినప్పుడు చిరునామా తెలుస్తుంది. అదీ ఆ ఒక్క పార్సిలు పంపడానికే. రెండో నవల వచ్చినప్పుడు మొదటి నవల కొన్నవారికి ఆ కబురు అందించే హక్కు దుకాణానిదే. వీరేశలింగం దగ్గర ఉన్న జాబితా నేటి స్వీయ ప్రచురణకర్తకు లేదు.

ఆ లోటును గుర్తించిన రచయితలు దుకాణాన్ని వదలకుండానే మరో దారి పట్టారు. ఫోను నంబరు ఇచ్చి, యు.పి.ఐ. ద్వారా సొమ్ము తీసుకుని, చిరునామాను వాట్సాప్‌లో రాయించుకుని, పుస్తకాన్ని తామే తపాలాలో పంపుతున్నారు. ఇది పని పెంచే పద్ధతి. ఖర్చూ తపాలా ధరలను బట్టి మారుతుంది. 2024 డిసెంబరులో రిజిస్టర్డ్ బుక్ పోస్టు ఆగిపోయినప్పుడు చిన్న ప్రచురణకర్తలు ఆందోళన చెందింది అందుకే. 2025 మే 1 నుంచి వచ్చిన ‘జ్ఞాన్ పోస్ట్’ ఆ లోటును కొంత పూరించింది.

ఇటీవలి నవలల్లో ‘ప్రతులకు’ అన్న శీర్షిక కింద అమెజాన్ పేరు, ఒకటి రెండు పుస్తక విక్రయశాలల పేర్లు, వాటి పక్కన పది అంకెల ఫోను నంబరు కనిపిస్తున్నాయి. ఆ నంబరు చాలా సందర్భాల్లో రచయితదే, లేదా ఆ ఇంట్లో పార్సిళ్లు కట్టేవారిది.