తీగ లేని బంధం ఎందుకు తెగుతుంది?

తీగ ఉన్నచోట బంధం తెగితే తెగినచోటు వెతకవచ్చు. స్తంభం వెంట స్తంభం చూసుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట విరిగిపడిన కొమ్మ కనిపిస్తుంది. తీగే లేనిచోట తెగేదేమిటి? వై-ఫై మాటిమాటికీ తెగిపోయే ప్రతి ఇంట్లోనూ పుట్టే ఈ ప్రశ్నకు నూట ఇరవై ఏళ్ళు దాటాయి. ఆ వెతుకులాట చరిత్ర చదువుతూ ఉంటే నాకు ఒక సంగతి స్పష్టంగా కనిపించింది. తెగినందుకు యంత్రాన్ని తిట్టుకున్నవారికి ఏమీ దొరకలేదు. ఎప్పుడు తెగింది, ఎక్కడ తెగింది అని రాసుకున్నవారికి మాత్రం ఆకాశం గుట్టు సైతం దొరికింది.

1901 డిసెంబరు 12న మార్కోనీ న్యూఫౌండ్‌లాండ్‌లోని సిగ్నల్ హిల్ మీద గాలిపటంతో ఏరియల్‌ను పైకెత్తి, అట్లాంటిక్‌కు ఆవలి ఒడ్డున ఉన్న పోల్డూ నుంచి వచ్చే మూడు చుక్కల సంకేతాన్ని విన్నానని ప్రకటించాడు. అక్కడ వాడిన పాదరస శోధకానికి మూలం, 1899లో మన జగదీశ్ చంద్ర బోసు రాయల్ సొసైటీకి నివేదించిన పరికరమేనని తరువాతి పరిశోధకులు కొందరు వాదించారు. సంకేతాన్ని చెవితో విన్నారే తప్ప కాగితం మీద ఆనవాలు లేదు. కనుక చాలామంది నమ్మలేదు.

ఆ అపనమ్మకం మేలే చేసింది. 1902 ఫిబ్రవరిలో మార్కోనీ ఫిలడెల్ఫియా అనే ఓడలో పడమటికి ప్రయాణం చేస్తూ, వచ్చిన ప్రతి సంకేతాన్నీ కాగితపు పట్టీ మీద ముద్రింపజేశాడు. దూరం రాయించాడు, వేళ రాయించాడు, ఓడ కెప్టెన్ చేత సంతకం చేయించాడు. పట్టీలు పరిచి చూస్తే ఎవరూ ఊహించని సంగతి బయటపడింది. పగలు సుమారు 700 మైళ్ళు దాటేసరికి సంకేతం మాయమవుతోంది. రాత్రి అదే సంకేతం 2,000 మైళ్ళు దాటినా అందుతోంది. పంపే యంత్రం అదే, అందుకునే యంత్రం అదే. మారినది సూర్యుడొక్కడే.

మార్కోనీ మాత్రం దోషాన్ని యంత్రంలోనే వెతికాడు. పంపే ఏరియల్‌లోని విద్యుత్తును పగటి వెలుగు హరిస్తోందేమో అనుకున్నాడు. అదే ఏడాది అమెరికాలో కెన్నెలీ, ఇంగ్లండులో హెవిసైడ్ ఎవరికి వారుగా మరొక ఊహ చేశారు. భూమి చుట్టూ ఎంతో ఎత్తున విద్యుద్వాహకమైన పొర ఒకటి ఉండి, తరంగాలను తిరిగి కిందికి వంచుతోందని ఆ ఊహ.

దానికి రుజువు దొరకడానికి 22 ఏళ్ళు పట్టింది. 1924 డిసెంబరులో ఎడ్వర్డ్ ఆపిల్టన్, మైల్స్ బార్నెట్ కలిసి బోర్న్‌మత్‌లోని బీబీసీ ప్రసారిణిని, శ్రోతలు నిద్రపోయాక, అర్ధరాత్రి దాటిన తరువాత అడిగి తీసుకున్నారు. దాని తరంగదైర్ఘ్యాన్ని మెల్లగా మారుస్తూ ఉండగా ఆక్స్‌ఫర్డులో కూర్చుని విన్నారు. ధ్వని పెరుగుతోంది, సన్నగిల్లుతోంది, మళ్ళీ పెరుగుతోంది. నేల వెంట వచ్చిన తరంగమూ, ఆకాశం నుంచి తిరిగి వచ్చిన తరంగమూ ఒకచోట కలుస్తున్నాయి. రెండింటి శిఖరాలూ కలిస్తే బలం, ఒకదాని శిఖరం మీద రెండోదాని లోయ పడితే నిశ్శబ్దం. ఎన్నిసార్లు సన్నగిల్లిందో లెక్కపెట్టి, ఆ పొర ఎత్తు సుమారు నూరు కిలోమీటర్లని తేల్చారు. అంతవరకూ బెడదగా ఉన్న తెగుదలే వారి చేతిలో కొలబద్ద అయింది. 1947లో ఆపిల్టన్‌కు నోబెల్ బహుమానం వచ్చింది.

పగటిపూట అంతకంటే దిగువన, సూర్యరశ్మి వల్ల ఏర్పడే మరొక పొర తరంగాలను మింగేస్తుందనీ, పొద్దు గూకాక అది చెదిరిపోతుందనీ తరువాత తెలిసింది. మన పెద్దలకు ఇది అనుభవమే. రాత్రి వినిపించిన దూరపు రేడియో కేంద్రం తెల్లవారేసరికి మాయమయ్యేది. సిలోన్ రేడియోలో తెలుగు పాట మధ్యలో గొంతు సన్నగిల్లి మళ్ళీ పుంజుకునేది. ఈ అయనావరణాన్ని గురించి కలకత్తాలో శిశిర్ కుమార్ మిత్రా 1947లో ఒక ఉద్గ్రంథమే వెలువరించాడు. వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆచార్యులు బి. రామచంద్రరావు గారూ ఈ పరిశోధనలోనే పేరు గడించారు.

వై-ఫై తరంగం ఆకాశం దాకా పోదు, పక్కింటి దాకా పోతే గొప్ప. అక్కడ సూర్యుడితో పేచీ లేదు, పేచీ అంతా ఇరుగుపొరుగుతోనే. ఈ సంగతిని మొదట ఎదుర్కొన్నది హవాయి విశ్వవిద్యాలయం. 1971లో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం వేర్వేరు దీవుల్లోని కంప్యూటర్లను రేడియోతో కలిపే అలోహా వ్యవస్థను ప్రారంభించింది. అందరూ ఒకే తరంగం మీద మాట్లాడాలి. ఇద్దరు ఒకేసారి నోరు విప్పితే ఇద్దరి మాటా చెడుతుంది. అందుకు వారు కనిపెట్టిన ఉపాయం చిత్రమైనది. మాట అందినట్టు జవాబు రాకపోతే, ఎవరికి వారు తోచినంతసేపు ఆగి మళ్ళీ చెప్పాలి. ఇద్దరూ ఒకే వ్యవధి ఆగరు కనుక రెండోసారి ఢీకొనే అవకాశం తక్కువ. అయితే మూల్యం ఉంది. ఈ పద్ధతిలో దారి సామర్థ్యంలో సుమారు 18 శాతమే పనికి వస్తుందని లెక్క తేలింది. వై-ఫై ఈ వంశంలోదే. ముందు చెవి ఒగ్గి విని, ఖాళీ దొరికాక మాట్లాడడం అది అదనంగా నేర్చుకుంది.

దానికి దక్కిన చోటు కూడా అంతంత మాత్రమే. 1985లో అమెరికా ప్రభుత్వం లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చిన పట్టీలలో 2.4 గిగాహెర్ట్జ్ ఒకటి. మైక్రోవేవ్ పొయ్యి పనిచేసేది అక్కడే. వెయ్యి వాట్ల పొయ్యి నుంచి బయటికి పొక్కేది మనకు హాని చేయనంత స్వల్పమే కావచ్చు. పదోవంతు వాటుతో మాట్లాడే వై-ఫై పెట్టెకు మాత్రం అది ఉరుమే. మన దేశంలో ఈ పట్టీకి 2005లో లైసెన్సు బెడద తొలగింది.

ఇక గోడల ప్రతిధ్వనులు. గదిలో తరంగం గోడకూ బీరువాకూ తగిలి పది దారులలో వస్తుంది. ఆపిల్టన్ విన్న హెచ్చుతగ్గులే ఇక్కడా ఉన్నాయి, కాకపోతే తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లే కనుక కంప్యూటరును బెత్తెడు జరిపితే బలం మారిపోతుంది. ఈ చిక్కును విడదీసినవారిలో ఆస్ట్రేలియా ఖగోళ శాస్త్రవేత్త జాన్ ఓసల్లివన్ బృందం ముఖ్యం. పేలిపోయే చిన్న కృష్ణబిలాల కోసం ఆయన 1970లలో వెతికాడు. అవి దొరకలేదు. చెదిరిన సంకేతాన్ని కూడగట్టే గణితం చేతికి వచ్చింది. వేగంగా వెళ్ళే ఒక ప్రవాహాన్ని నెమ్మదిగా నడిచే అనేక పాయలుగా చీల్చి ప్రతిధ్వనుల బెడద తప్పించే పద్ధతికి 1996లో వారికి అమెరికా పేటెంటు లభించింది.

2020లో బడులు ఇంటికి వచ్చినప్పుడు మా మేనకోడలి పాఠం మాటిమాటికీ తెగేది. తెగినంతమేరా పాఠం పోయినట్టే, మాస్టారు మళ్ళీ చెప్పరు. అంతర్జాలం ఇచ్చే సంస్థవారు పెట్టె మార్చమన్నారు. నేను వారం రోజులు తెగిన వేళలు రాశాను. పగలు ఫరవాలేదు, సాయంత్రం ఏడు దాటితే వరుసగా తెగుతోంది. అదే వేళకు కంప్యూటరును తీగతో కలిపి చూస్తే తెగలేదు. అంటే బయటి లైను మంచిదే. చుట్టుపక్కల ఇళ్ళన్నీ ఆరో చానెల్ మీద ఉన్నాయని ఫోనులో చూస్తే తెలిసింది. మాదీ అదే. 2.4లో ఒకదానిపై ఒకటి పడకుండా ఉండేవి ఒకటి, ఆరు, పదకొండు మాత్రమే. ఒకరోజు పదకొండుకు మార్చాను, చాలావరకు తగ్గింది. మరోరోజు ఇనప బీరువా వెనకనున్న పెట్టెను అటక అంచుకు ఎక్కించాను, వెనక గదిలోనూ నిలిచింది. రెండూ ఒకేరోజు చేసి ఉంటే దేనివల్ల బాగుపడిందో తెలిసేది కాదు.

5 గిగాహెర్ట్జ్ పట్టీలో రద్దీ తక్కువ, కాని గోడలు దాన్ని ఎక్కువ మింగుతాయి. కనుక ఒకే గదిలో వాడేవారికి అది మేలు. కొత్త పెట్టె కొనే ముందు ఓ వారం కాగితం, కలం పక్కన పెట్టుకోండి. తెగిన వేళ, అప్పుడు మీరు కూర్చున్న చోటు, వంటింట్లో వెలుగుతున్న పొయ్యి, ఈ మూడూ రాస్తే చాలు. ఫిలడెల్ఫియా ఓడ మీద జరిగిందీ ఇంతే. ఇక్కడ సంతకం చేయడానికి కెప్టెన్ ఉండడు.