గామా మెరుపులు: దూరము తేలిన కథ

1963 ఆగస్టులో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ దేశములు మాస్కోలో ఒక ఒడంబడిక చేసికొనినవి. గాలిలోను, నీటి అడుగునను, అంతరిక్షములోను అణ్వస్త్ర పరీక్షలు జరుపరాదని దాని సారాంశము. మాట ఇచ్చుట ఒకటి, నిలుపుకొనుట మరొకటి గదా! ఎవరైన చంద్రుని చాటున బాంబు ప్రేల్చినచో తెలియుటెట్లు? ఇందులకై అమెరికా ఆ అక్టోబరు నుండి ‘వేలా’ అను ఉపగ్రహములను జంటలు జంటలుగా పంపెను. భూమికి లక్ష కిలోమీటర్లకు పైన తిరుగుచు, అణువిస్ఫోటమున వెలువడు గామా కిరణములు మొదలగువానిని కనిపెట్టుట వాని పని.

1967 జూలై 2వ తేదీన ఇవి ఒక గామా మెరుపును పట్టినవి. లాస్ ఆలమోస్ ప్రయోగశాలలో క్లీబసాడెల్, ఓల్సన్ అనువారు పాత నమోదులను పరిశీలించుచు 1969లో దీనిని గుర్తించిరి. బాంబు మెరుపు రెప్పపాటులో తీవ్రమై, పిదప క్రమముగా తగ్గును. ఇదియో, రెండు శిఖరములతో కొన్ని సెకనులపాటు సాగినది. కనుక బాంబు కాదు. మరేమి?

దిక్కు తెలిసికొనుటకు వారు పన్నిన యుక్తి తరగతిలో చెప్పదగినది. కక్ష్యలో ఎదురెదురుగా నున్న రెండు ఉపగ్రహములలో మెరుపు ఒకదానిని ముందు, రెండవదానిని కొంచెము వెనుక తాకును. ఆ వ్యత్యాసము సెకనులో కొద్ది భాగమే యైనను, తరువాత పంపిన వేలాలు దానిని కొలువగలిగినవి. మెరుపులు భూమినుండి గాని సూర్యునినుండి గాని వచ్చినవి కావని ఇట్లు తేల్చి, స్ట్రాంగ్ అను మరియొకరితో కలిసి 1973లో వారు 16 మెరుపుల వృత్తాంతమును ప్రకటించిరి.

దిక్కు తెలిసెను, దూరము తెలియలేదు. చిక్కంతయు అక్కడనే ఉన్నది. చీకటిలో కనిపించు వెలుగు పొరుగింటి లాంతరో, పది మైళ్ల ఆవలి దీపస్తంభమో దూరము తెలియనిదే చెప్పలేము. దూరము రెట్టింపైనచో, అదే ప్రకాశము కనిపించుటకు దీపపు శక్తి నాలుగు రెట్లు కావలెను. మెరుపులు మన పాలపుంతలోనివైనచో న్యూట్రాన్ నక్షత్రములతో సరిపెట్టవచ్చును. సూర్యుని మించిన ద్రవ్యము సుమారు 20 కిలోమీటర్ల అడ్డుకొలత గల గోళములో క్రిక్కిరిసియుండుటచే ఇవి ఎంతటి శక్తినైన విడువగలవని తోచెను. 1979 మార్చి 5వ తేదీన దీనికి బలము చేకూరెను. ఆనాటి మెరుపు 8 సెకనుల కొకసారి హెచ్చుతగ్గులు చూపెను. పెద్ద మెగలాన్ మేఘములో, పేలిపోయిన ఒక నక్షత్రపు శిథిలముల దిక్కునుండి వచ్చెను. అది నిజముగా గిరగిర తిరుగు న్యూట్రాన్ నక్షత్రమే. కాని ఆ ఒక్కదానినిబట్టి తక్కినవన్నియు అట్టివేయని తలచుట తొందరపాటు.

1991లో కక్ష్య చేరిన కాంప్టన్ వేధశాల తొమ్మిదేండ్లలో 2,704 మెరుపులను నమోదుచేసెను. అవి పాలపుంత పట్టీ వెంట చేరక, ఆకాశమంతట సమముగా చల్లినట్లుండెను. 1995 ఏప్రిల్ 22న వాషింగ్టనులో చర్చ జరిగినది. అవి పాలపుంతకు ఎంతో ఆవలివని పచిన్‌స్కీ వాదించెను. పాలపుంతను దూరముగా చుట్టియున్న న్యూట్రాన్ నక్షత్రములవని లాంబ్ వాదించెను. లాంబ్ వాదమును తీసివేయుటకు వీలులేదు. ఆ చుట్టు చాలినంత పెద్దదైనచో మెరుపులు సమముగానే కనిపించును. 1920లో విశ్వపరిమాణమును గూర్చి షాప్లీ, కర్టిస్ అను ఖగోళవేత్తలు తలపడినదియు ఆ మందిరముననే. అప్పుడును తగవు దూరమును గురించియే!

1997 ఫిబ్రవరి 28న మెరుపొకటి ఆరిన ఎనిమిది గంటలకు, ఇటలీ-నెదర్లాండ్సుల బెప్పోశాక్స్ ఉపగ్రహము అదేచోట ఎక్స్-కిరణముల సెగను కనుగొనెను. మే 8 నాటి మెరుపు వెనుక మిగిలిన వెలుగునకు హవాయిలోని కెక్ దూరదర్శినితో వర్ణపటము తీసిరి. రేఖలు ఎరుపువైపునకు జరిగిన తీరునుబట్టి, ఆ కాంతి కనీసము సుమారు 700 కోట్ల సంవత్సరములు ప్రయాణించినదని తేలెను. పచిన్‌స్కీ పక్షము నెగ్గినది.

దీర్ఘమైన మెరుపులలో పెక్కు భారీ నక్షత్రములు కూలునపుడు పుట్టునని 2003లో గట్టిపడెను. రెండు సెకనులలోపు ముగియు పొట్టి మెరుపుల విషయమున మాత్రము న్యూట్రాన్ నక్షత్రములు వేరొక ద్వారమున తిరిగివచ్చినవి. 2017 ఆగస్టు 17న అట్టి నక్షత్రములు రెండు ఢీకొనగా పుట్టిన గురుత్వ తరంగములు లిగో, విర్గో పరికరములకు అందినవి. 1.7 సెకనుల పిదప ఫెర్మీ ఉపగ్రహమునకు గామా మెరుపు తగిలెను. దూరము సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరములు.

2015లో శ్రీహరికోట నుండి ఎగసిన మన ఆస్ట్రోశాట్‌కు ఆ మెరుపు కనిపించలేదు. అప్పుడు ఆ దిక్కునకు భూమి అడ్డుగా నుండెను. ఐనను ఆ కనిపించకపోవుటయే పనికివచ్చినది: మెరుపు భూమి చాటున పడిన ఆకాశభాగము నుండియే వచ్చియుండవలెనని, వెదుకవలసిన మేర తగ్గెను.