జీపుకి జబ్బు చేస్తే ముందు పుట్టిన సంవత్సరం అడగండి

ఇది కొంచెం పెద్ద పోస్టు. షిఫ్టు అయ్యాక తీరిగ్గా చదవండి.

కెనడాకి వచ్చి వేర్‌హౌసుల్లో, ట్రక్కుల మీద, కన్‌స్ట్రక్షన్‌లో పని చేసే మనలో చాలామంది మొదట కొనేది పాత బండే. మంచులో ఆగదు, నాలుగు చక్రాలూ లాగుతాయి అని కొందరు పాత జీపు తీసుకుంటారు. ఒకరోజు తెల్లారుజామున షిఫ్టుకి బయల్దేరి సెల్ఫ్ కొడితే స్టార్ట్ అవ్వదు. ఇక మొదలు: పంపు మార్చు, ఇంజెక్టర్లు మార్చు, కంప్యూటర్ మార్చు. రెండు వారాల జీతం పోతుంది, జబ్బు మాత్రం అక్కడే ఉంటుంది. బండి లేకపోతే షిఫ్టు లేదు, షిఫ్టు లేకపోతే అద్దె లేదు.

బ్రాంప్టన్‌లో రిపేరు పని చేసుకునే మేము చెప్పేది ఒక్కటే. ఈ బండ్లలో ఇంజెక్షన్ జబ్బు పట్టుకోవాలంటే ముందు వాటి చరిత్ర తెలియాలి. ఏ సంవత్సరంలో పుట్టిందో తెలిస్తే దాన్ని ఏ భాషలో అడగాలో తెలుస్తుంది.

చరిత్ర అంటే ఎక్కడో దూరంగా వెతకక్కర్లేదు. 1986 నుంచి 1992 దాకా జీప్ రాంగ్లర్ తయారైంది మనం ఉంటున్న ఈ బ్రాంప్టన్‌లోనే, కెనెడీ రోడ్డు ప్లాంటులో. చదరపు హెడ్‌లైట్లు ఉంటాయి చూడండి, ఆ వైజే మోడల్. అప్పట్లో ప్లాంటు అమెరికన్ మోటర్స్ వాళ్లది. 1987లో క్రైస్లర్ ఆ కంపెనీని కొనేసింది. 1992లో జీపు తయారీ అమెరికాలోని టొలీడోకి వెళ్లిపోయింది, ఇక్కడి ప్లాంటు మూతపడింది. 2025 అక్టోబరులో, ఇదే ఊళ్లోని ఇంకో ప్లాంటుకి రావాల్సిన జీప్ కంపాస్ ఇల్లినాయ్‌కి వెళ్తుందని స్టెలాంటిస్ ప్రకటించింది. ప్లాంట్లు పోతాయి, ఆ పనివాళ్లు బిగించిన బండ్లు మాత్రం ఇంకా మన రోడ్ల మీద తిరుగుతున్నాయి.

ఈ కథలో ఒక విచిత్రం ఉంది. 1957లోనే ఇదే అమెరికన్ మోటర్స్, ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌తో రాంబ్లర్ రెబెల్ అనే కారు తెస్తున్నామని చెప్పింది. బెండిక్స్ కంపెనీ చేసిన ఆ సిస్టమ్ పేరు ఎలక్ట్రోజెక్టర్. మరుసటి ఏడాది క్రైస్లర్ కూడా సుమారు 35 కార్లకి దాన్ని పెట్టింది. అప్పటి ఎలక్ట్రానిక్స్ ఆ పనికి నిలబడలేదు. అమ్మిన కార్లలో చాలావాటికి తిరిగి కార్బురేటర్లు బిగించారు. బెండిక్స్ పేటెంట్లు తర్వాత బాష్ చేతికి వెళ్లాయి. 1967లో బాష్ వాళ్ల డీ-జెట్రానిక్ ఫోక్స్‌వాగన్ కార్లలో వచ్చింది. అంటే అమెరికాలో ఓడిపోయిన ఆలోచన జర్మనీలో గెలిచింది.

దాన్ని అందరి బండ్లలోకీ తోసింది పొగ చట్టాలు. కార్బురేటర్ అంటే గాలి లాగుడుకి పెట్రోల్ దానంతటదే ఎక్కే ఏర్పాటు. లెక్క సుమారుగా ఉంటుంది. పొగ శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్‌కి ఆ సుమారు లెక్క చాలదు. ఇంజెక్షన్‌లో సెన్సార్లు గాలిని, వేడిని చూసి చెప్తే కంప్యూటర్ ఇంజెక్టర్‌ని కొన్ని మిల్లీసెకన్లు తెరుస్తుంది. సీసం కలిసిన పెట్రోల్ ఆక్సిజన్ సెన్సార్‌నీ కన్వర్టర్‌నీ చంపేస్తుంది. కెనడాలో కార్లకి ఆ పెట్రోల్ 1990 డిసెంబరులో ఆగింది, ఇండియాలో 2000లో. మన ఊళ్లో మారుతీల వెనక ఎంపీఎఫ్ఐ అని స్టిక్కర్లు కనబడింది ఆ రోజుల్లోనే, గుర్తుందా?

ఇప్పుడు మీ బండి దగ్గరికి రండి. డ్రైవర్ వైపు అద్దం కింద 17 అక్షరాల నంబరు ఉంటుంది. మొదటిది 2 అయితే కెనడాలో తయారైంది, 1 అయితే అమెరికాలో. పదో అక్షరం సంవత్సరం చెప్తుంది: హెచ్ 1987, జె 1988, కె 1989, ఎల్ 1990, ఎమ్ 1991, ఎన్ 1992.

1987 నుంచి 1990 దాకా రాంగ్లర్‌లో 4.2 లీటర్ల పెద్ద ఇంజన్‌కి కార్బురేటరే. 2.5 లీటర్ల చిన్నదానికి మాత్రం ఒకే ఒక్క ఇంజెక్టర్, కార్బురేటర్ కూర్చునే చోటే కూర్చుంటుంది. ఆ సిస్టమ్ రెనిక్స్, అంటే రెనో, బెండిక్స్ కలిపిన పేరు. ఇది మూగది. జబ్బు చేస్తే లైటు వెలగదు, కోడు ఇవ్వదు. దీనితో మీటర్ పట్టుకునే మాట్లాడాలి.

1991 నుంచి సిలిండర్‌కి ఒక ఇంజెక్టర్ వచ్చింది, కంప్యూటర్ క్రైస్లర్‌ది. ఇది సైగలు చేస్తుంది. అయిదు సెకన్లలోపు తాళం ఆన్, ఆఫ్, ఆన్, ఆఫ్, ఆన్ చేయండి, ఇంజన్ స్టార్ట్ చేయొద్దు. చెక్ ఇంజన్ లైటు మిణుకుతుంది. రెండుసార్లు, చిన్న విరామం, మళ్లీ రెండుసార్లు అంటే 22, కూలెంట్ వేడి సెన్సార్ సర్క్యూట్. 12 అంటే ఈమధ్య బ్యాటరీ తీశారని. 55 అంటే అయిపోయిందని. దీనికి పైసా ఖర్చు లేదు.

1996 తర్వాతి జీపులకి ఇప్పుడు అందరి దగ్గరా ఉన్న ఓబీడీ-2 స్కానర్ పనిచేస్తుంది. అంతకు ముందు బండికి ఆ స్కానర్ పట్టుకుని ఎవరైనా వస్తే ఉపయోగం లేదని అక్కడే చెప్పేయండి.

కోడు వచ్చినా అది చెప్పేది సర్క్యూట్ పేరే, మార్చాల్సిన పార్ట్ పేరు కాదు. సెన్సార్, ప్లగ్గు, వైరు, ఎర్త్, వీటిలో ఏదైనా కావచ్చు. ఇక్కడ రోడ్ల మీద చల్లే ఉప్పు ముందు తినేది ప్లగ్గులనీ ఎర్త్ వైర్లనీ. అందుకే మా వరస ఇది.

తాళం ఆన్ చేసి వినండి. ట్యాంకు వైపు పంపు రెండు సెకన్లు గుయ్యిమనాలి. శబ్దం లేకపోతే ఫ్యూజు, రిలే, పంపుకి కరెంటు, ఎర్త్ చూడండి. తర్వాతే పంపు. ఆరుబయట, సిగరెట్ దగ్గర లేకుండా ప్రెషర్ గేజు పెట్టండి. 1991 నుంచి 1995 బండ్లలో ఇంజన్ ఐడిల్‌లో ఉండగా 31 పీఎస్ఐ, రెగ్యులేటర్ మీది వాక్యూమ్ పైపు తీస్తే 39 దాకా ఎక్కాలి. ఒక్క ఇంజెక్టర్ పాతదానికి 14 నుంచి 15 చాలు. ఈ తేడా తెలియక మంచి పంపుని పారేసినవాళ్లున్నారు.

ప్రెషర్ బాగుండీ స్టార్ట్ అవ్వకపోతే ఇంజెక్టర్ ప్లగ్గులో నాయిడ్ లైటు పెట్టి సెల్ఫ్ కొట్టండి. అది మిణకకపోతే ముందు అనుమానించాల్సింది గేర్‌బాక్స్ బెల్ హౌసింగ్ మీది క్రాంక్ సెన్సార్‌ని. వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక మళ్లీ స్టార్ట్ అయ్యే జీపుల్లో చాలాసార్లు దొంగ అదే. నల్ల పొగ వస్తే మ్యాప్ సెన్సార్‌కి వెళ్లే సన్నటి వాక్యూమ్ పైపు చూడండి. అది పగిలితే బండి బరువు లాగుతోందనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తుంది.

ఒక ఉదాహరణ. మా రూమ్‌మేట్ 1991 రాంగ్లర్, 4.0 ఇంజన్. చల్లగా ఉంటే బాగానే స్టార్ట్ అయ్యేది. వేడెక్కాక ఆపి మళ్లీ కొడితే నల్ల పొగ, పెట్రోల్ వాసన. ఒక షాపులో ఆరు ఇంజెక్టర్లూ పంపూ మార్చాలన్నారు. మేము కోడు చూస్తే 12, 55 తప్ప ఏమీ లేవు. ప్రెషర్ 31, 39 సరిగ్గా ఉంది. వేడి ఇంజన్ మీద కూలెంట్ సెన్సార్‌ని నేరుగా కొలిస్తే సుమారు 700 ఓమ్స్, అది సరే. అదే సర్క్యూట్‌ని కంప్యూటర్ ప్లగ్గు దగ్గర కొలిస్తే వేలల్లో ఉంది. ఆ సెన్సార్ చల్లగా ఉంటేనే ఓమ్స్ ఎక్కువ చూపిస్తుంది. అంటే మరిగే ఇంజన్‌ని కంప్యూటర్ చల్లటి ఇంజన్ అనుకుంటోంది. పాపం, అది దాని లెక్క ప్రకారం సరిగ్గానే పోస్తోంది. తప్పుడు కబురు మధ్యలో పుట్టింది, ప్లగ్గులో పట్టిన పచ్చటి చిలుములో. ప్లగ్గు కొత్తది వేశాం, పొగ ఆగింది. ఇంజెక్టర్లు ఇప్పటికీ పాతవే.

మన ఆటోనగర్ మెకానిక్కులు శబ్దం విని, పొగ రంగు చూసి జబ్బు చెప్పేవాళ్లు. ఆ విద్య ఇక్కడా పనికొస్తుంది, దానికి మీటర్ తోడైతే చాలు. ఎవరైనా పార్ట్ మార్చాలంటే మర్యాదగా రెండు ప్రశ్నలు అడగండి: ఏం కొలిచారు? ఎంత వచ్చింది? అంకె చెప్పగలిగినవాడికి పని ఇవ్వండి. చెప్పలేకపోతే తాళం తిరిగి తీసుకోండి. మన జీతం గంటల లెక్కన వస్తుంది, ఊహల లెక్కన పోకూడదు.