దిగుమతుల దెబ్బ, ప్రభుత్వ హామీ: అమెరికాలో వాణిజ్య సర్దుబాటు సహాయం

కార్మికుడు పని పోగొట్టుకోవడానికి కారణాలు అనేకం. కొత్త యంత్రం రావచ్చు, యజమాని అప్పులపాలు కావచ్చు, సరుకుకు గిరాకీ పడిపోవచ్చు. వీటిలో నుంచి ఒక్క కారణాన్ని వేరుచేసి, విదేశీ సరుకు వల్ల పని పోయినవారికి మాత్రం ప్రత్యేక సహాయం చేస్తామని అమెరికా ప్రభుత్వం 1962లో చట్టం చేసింది. ఎందుకు? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకొని ఈ పాఠం చదవండి.

మిగిలిన కారణాలలో ప్రభుత్వం చెయ్యి నేరుగా కనిపించదు. దిగుమతి సుంకాన్ని తగ్గించి విదేశీ సరుకుకు తలుపు తెరిచేది మాత్రం ప్రభుత్వమే. అధ్యక్షుడు కెన్నెడీ ఐరోపా ఆర్థిక సమాజంతో బేరమాడి సుంకాలను సగం వరకు తగ్గించే అధికారం కోరాడు. దానికి కార్మిక సంఘాల మద్దతు కావాలి. దేశానికంతటికీ లాభం కలిగే విధానం కోసం కొందరు నష్టపోతే, ఆ నష్టంలో కొంత దేశమే భరించాలన్నది వాదన. ఈ ఆలోచన కెన్నెడీది కాదు. ఉక్కు కార్మికుల సంఘం అధ్యక్షుడు డేవిడ్ మెక్‌డొనాల్డ్ 1954లోనే, విదేశీ ఆర్థిక విధానంపై నియమించిన రాండాల్ కమిషన్‌లో సభ్యుడిగా దీనిని ప్రతిపాదించాడు.

ఇక చట్టంలోని మాటలను గమనించండి. 1962 చట్టం ప్రకారం కార్మికులు రెండు విషయాలు రుజువు చేయాలి. దిగుమతులు పెరగడానికి ప్రధాన కారణం సుంకాల తగ్గింపే కావాలి. పని పోవడానికి ప్రధాన కారణం ఆ దిగుమతులే కావాలి. ఈ 'ప్రధాన' అన్న ఒక్క మాట దగ్గరే కథ ఆగిపోయింది. 1969 నవంబరు వరకు, అంటే ఏడేళ్ల పాటు, కార్మికుల దరఖాస్తు ఒక్కటి కూడా ఆమోదం పొందలేదు. చట్టం ఉంది, భృతి ఎంతో నిర్ణయమై ఉంది, పుచ్చుకున్నవారు లేరు. సంఘాల నాయకులు దీనిని 'అంత్యక్రియల బీమా' అని ఎద్దేవా చేయడంలో ఆశ్చర్యం లేదు.

1974 చట్టం ఈ మెలికను సడలించింది. సుంకాల తగ్గింపుతో సంబంధం చూపనవసరం లేదు. దిగుమతులు 'ముఖ్యమైన' కారణాలలో ఒకటైతే చాలు. ముగ్గురు కార్మికులు కలిసి సంతకం చేసినా దరఖాస్తు చెల్లుతుంది. విచారణ కార్మిక శాఖకు మారింది. జపాన్ కార్లు వెల్లువెత్తిన 1980లో భృతి వ్యయం సుమారు 160 కోట్ల డాలర్లకు చేరింది. అందులో ఎక్కువ భాగం మోటారు కార్మికులకే దక్కింది. చాలామందికి ఆ డబ్బు తిరిగి పనిలో చేరిన తర్వాత అందింది. రీగన్ ప్రభుత్వం 1981లో భారీ కోత పెట్టడానికి ఇది మంచి సాకైంది. అప్పటి నుంచి భృతి, మామూలు నిరుద్యోగ బీమా అయిపోయాకే మొదలవుతుంది. 1988 నుంచి శిక్షణలో చేరడం షరతు అయింది.

ఆ షరతు ఎలా పనిచేసిందో తెలియాలంటే నార్త్ కరోలినా రాష్ట్రంలోని కన్నాపొలిస్‌కు వెళ్లాలి. తువ్వాళ్లు, దుప్పట్లు నేసే కానన్ మిల్లుల చుట్టూ పుట్టిన ఊరది. ఇళ్లు కూడా చాలాకాలం మిల్లువే. తాత, తండ్రి, కూతురు ఒకే మిల్లులో పనిచేసిన కుటుంబాలుండేవి. చివరికి పిల్లోటెక్స్ సంస్థ చేతిలో ఉండగా, 2003 జూలై 30న మిల్లులు మూతపడ్డాయి. ఆ రాష్ట్రంలోనే 4,000 మందికి పైగా ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. వారిలో చాలామంది హైస్కూలు పూర్తిచేయనివారు. మిల్లులో ఆ చదువుతో పని ఉండేది కాదు.

వీరికి సహాయం మంజూరైంది. కానీ పని పోయిన 16 వారాలలోపు, లేదా అర్హత ఖరారైన 8 వారాలలోపు, ఏది తరువాత వస్తే ఆ గడువులోగా శిక్షణలో చేరాలి. మినహాయింపు లేకుండా గడువు దాటితే భృతి లేదు. దగ్గరలోని కమ్యూనిటీ కళాశాలకు నడివయసు కార్మికులు బారులు తీరారు. ముందు హైస్కూలు తుల్యత పరీక్ష, తర్వాతే వృత్తి విద్య. భృతికి మాత్రం కాలపరిమితి ఉంది. పగలు పనిచేసి రాత్రి పుస్తకం పట్టే మీకు ఈ ఇబ్బంది నేను వివరించనక్కరలేదు. ఇరవై ఏళ్ల తర్వాత బీజగణితం మళ్లీ మొదలుపెట్టడం ఎలాంటిదో మీలో కొందరికి అనుభవమే. 2002 చట్టం యాభై ఏళ్లు దాటినవారికి మరో దారి చూపింది. తక్కువ జీతానికి కొత్త పనిలో చేరితే, పాత కొత్త జీతాల తేడాలో సగం, రెండేళ్లలో 10,000 డాలర్లకు మించకుండా ఇస్తారు.

మాటల తగాదా అంతటితో ముగియలేదు. చట్టం 'వస్తువు' తయారుచేసే కార్మికులకే వర్తిస్తుంది. సాఫ్ట్‌వేర్ వస్తువా? చేతికి తగిలే డిస్కులో లేని ప్రోగ్రామ్ వస్తువు కాదని కార్మిక శాఖ దరఖాస్తులను తోసిపుచ్చింది. ప్రోగ్రామర్లు కోర్టుకెక్కారు. 2006లో శాఖ తన వైఖరి మార్చుకుంది. 2009లో సేవారంగాన్నే చట్టంలో చేర్చారు. వారి పని తరలిపోయిన నగరాలలో మన హైదరాబాద్ ఒకటి. ఇక్కడ కొత్త ఉద్యోగం దొరికిన ఇంటికీ, అక్కడ ఆ దరఖాస్తు నింపిన ఇంటికీ మధ్య ఉన్న లంకె మన పాఠ్యపుస్తకాలలో కనిపించడం అరుదు.

సహాయం వల్ల మేలు జరిగిందా? 2012లో వెలువడిన ప్రభుత్వ మదింపు, నాలుగేళ్ల తర్వాత కూడా లబ్ధిదారుల ఆదాయం తమలాంటి ఇతరులకంటే మెరుగుపడలేదని తేల్చింది. 2018 నాటి మరో అధ్యయనం వేరే దారి పట్టింది. విచారణాధికారులలో ఉదారంగా ఆమోదించేవారు, కఠినంగా తిరస్కరించేవారు ఉంటారు కదా. ఏ అధికారి చేతిలో పడిందన్న దాన్ని బట్టి ఒకే రకం దరఖాస్తుల ఫలితాలను పోల్చింది. ఆమోదం పొందినవారు పదేళ్లలో సుమారు 50,000 డాలర్లు అదనంగా సంపాదించారని కనుగొంది. నాకు రెండవ పద్ధతే నమ్మదగినదిగా కనిపిస్తుంది. అయితే అది చెప్పే ఇంకో సంగతి కలవరపెడుతుంది: ఒక కుటుంబం గతి, ఫైలు ఎవరి బల్లపైకి చేరిందన్న దానిమీద ఆధారపడింది.

2021 జూలైలో సేవారంగం మళ్లీ చట్టం నుంచి జారిపోయింది. ఏడాది తర్వాత, 2022 జూలై 1న, కాంగ్రెసు పొడిగించకపోవడంతో పథకం గడువే ముగిసింది. అంతకుముందు అర్హత పొందినవారికి సహాయం కొనసాగుతుంది. ఆ తేదీ తర్వాత మూతపడిన కర్మాగారం నుంచి కూడా ముగ్గురు కార్మికులు సంతకం చేసి దరఖాస్తు పంపవచ్చు. శాఖ దానిని తీసుకుంటుంది. విచారించే అధికారం మాత్రం దానికి లేదు.