గ్రీస్ అంటే గీరోస్ ఒక్కటేనా? మెనూ కార్డుల్లో కనిపించని సంప్రదాయ వంటకాలివే..

గ్రీకు తిండి అనగానే చాలామందికి గుర్తొచ్చే పేర్లు నాలుగే. గీరోస్, సువ్లాకి, మూసాకా, గ్రీక్ సలాడ్. ఏథెన్స్‌లో దిగిన టూరిస్టుకు ప్రతి వీధిలోనూ ఇవే ఎదురవుతాయి. కానీ ఇక్కడో చిక్కుంది. గ్రీస్‌లో అమ్మే గీరోస్, సువ్లాకీల్లో ఎక్కువ భాగం పంది మాంసంతో చేసినవే. మూసాకాలో వాడే ఖీమా కూడా చాలాచోట్ల పశు మాంసం, పంది మాంసం కలిపినదై ఉంటుంది. అంటే పంది మాంసం ముట్టని వారికీ, శాకాహారులకూ ఆ దేశంలో బాగా పేరున్న వంటకాలే పనికిరావన్నమాట.

అలాగని సలాడ్, ఫ్రెంచ్ ఫ్రైలతో కడుపు నింపుకోవాల్సిన పని లేదు. గ్రీకుల ఇళ్లల్లో తరతరాలుగా వండుకునే తిండి వేరే ఉంది. ఉపవాసాలు, లేమి, వలసలు కలిసి తయారుచేసిన తిండి అది. పప్పులు, ఆకుకూరలు, గోధుమలు, పెరుగు అందులో ప్రధానం. దక్కనీ ఇంట్లో పుట్టి పెరిగిన వారికి ఆ రుచులు అంత కొత్తగా కూడా అనిపించవు.

ఉపవాసం నేర్పిన వంట

గ్రీకుల్లో అత్యధికులు ఆర్థడాక్స్ క్రైస్తవులు. వారి చర్చి క్యాలెండర్ ప్రకారం ఏడాదిలో దాదాపు సగం రోజులు ఏదో ఒక రకం ఉపవాసమే. ఆ రోజుల్లో మాంసం, పాలు, గుడ్లు తినకూడదు. ఇప్పుడు అన్నీ పాటించేవారు తక్కువే అయినా, ఆ నియమాల వల్ల పుట్టిన వంటకాలు మాత్రం ఇంటింటా నిలిచిపోయాయి. ఆలివ్ నూనెలో నిదానంగా మగ్గించే కూరగాయల వంటలన్నిటికీ కలిపి 'లాదెరా' అని పేరు. నూనె అనే అర్థమున్న 'లాది' నుంచి వచ్చిన మాట ఇది. బెండకాయలు, చిక్కుళ్లు, వంకాయలు, బఠాణీలు టమాటాతో కలిపి వండుతారు. గోరువెచ్చగానో, చల్లారిన తర్వాతో రొట్టెతో తింటారు.

1. సాంతోరిని ఫావా

పేరు చూసి బాకలా గింజలు అనుకోవద్దు. సాంతోరిని ద్వీపంలోని అగ్నిపర్వత నేలలో పండే ఓ చిన్న గింజను పొట్టు తీసి, బద్దలు చేస్తే వచ్చే పసుపు పప్పు ఇది. ఉల్లిపాయతో పాటు మెత్తగా ఉడికించి, మెదిపి, పైన ఆలివ్ నూనె, పచ్చి ఉల్లి ముక్కలు, కేపర్ మొగ్గలు వేసి ఇస్తారు. చూడ్డానికి అచ్చం మన ముద్దపప్పే. నెయ్యి బదులు ఆలివ్ నూనె, అంతే తేడా.

ఈ పంటకు చరిత్ర పెద్దది. 3,500 ఏళ్లకు పూర్వం అగ్నిపర్వతం బద్దలై బూడిద కింద కప్పుకుపోయిన అక్రోతిరి పట్టణపు తవ్వకాల్లో ఈ గింజలే దొరికాయి. నేడు సాంతోరిని ఫావాకు యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు రక్షణ ఉంది.

2. సిఫ్నోస్ రెవిథాదా

సిఫ్నోస్ ద్వీపం కుండలకు ప్రసిద్ధి. అక్కడివారు నానబెట్టిన కాబూలీ శనగలు, ఉల్లిపాయలు, ఆలివ్ నూనె, బిర్యానీ ఆకును పోలిన బే ఆకు వేసి 'స్కెపస్తారియా' అనే మూత కుండలో పెడతారు. శనివారం సాయంత్రం ఆ కుండను కట్టెల పొయ్యిలోకి పంపిస్తారు. రాత్రంతా సన్నని వేడి మీద ఉడికి, ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి శనగలు వెన్నలా అయిపోతాయి. పైన నిమ్మరసం పిండుకుంటే చాలు. మసాలా లేదు, మాంసం లేదు. రుచి మొత్తం నిప్పుదీ, ఓపికదీ.

ఇదే ద్వీపానికి చెందిన నికోలాస్ త్సెలెమెంతెస్ 20వ శతాబ్దం తొలి సగంలో గ్రీస్‌లో అందరికన్నా పేరున్న వంటల పుస్తకం రాశాడు. ఫ్రెంచ్ వంటల ప్రభావంతో మూసాకాపై తెల్లటి బెషమెల్ పొర వేసే పద్ధతికి ప్రాచుర్యం తెచ్చింది ఆయనే. ప్రపంచానికి తెలిసిన మూసాకా అలా తయారైంది. ఆయన సొంత ద్వీపపు శనగల కుండ మాత్రం బయటివారికి పెద్దగా తెలియకుండా ఉండిపోయింది.

3. హోర్తా

హోర్తా అంటే ఆకుకూరలు. పొలం గట్ల మీద, కొండల్లో దొరికేవి కోసుకొచ్చి, ఉడకబెట్టి, ఆలివ్ నూనె, నిమ్మరసం చల్లి తింటారు. వేసవిలో దొరికే 'వ్లీతా' మరేదో కాదు, మన తోటకూర జాతే.

దీని వెనుక ఓ చేదు జ్ఞాపకం కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో గ్రీస్ శత్రు సైన్యాల ఆక్రమణలో ఉండగా, 1941-42 చలికాలంలో భయంకరమైన కరువు వచ్చింది. ఏథెన్స్ వీధుల్లో జనం ఆకలితో పడి చనిపోయారు. ఏ కొండ మీద ఏ ఆకు తినొచ్చో తెలిసిన ఇళ్లకు ఆ తెలివే ఆసరా అయింది. ఈరోజు హోటల్లో సైడ్ డిష్‌గా వచ్చే ఆ చిన్న ప్లేటును పెద్దవాళ్లు తేలిగ్గా చూడకపోవడానికి కారణం అదే.

4. త్రహానాస్

వేసవిలో మనవాళ్లు మిద్దె మీద వడియాలు పెట్టుకున్నట్టే, గ్రీకు పల్లెల్లో త్రహానాస్ ఎండబెడతారు. గోధుమ రవ్వ లేదా పిండిని పులిసిన గొర్రె, మేక పాలతోనో, పెరుగుతోనో కలిపి, ముద్దలు చేసి, ఎండలో ఆరబెట్టి, పొడిగా నలిపి దాచుకుంటారు. చలికాలంలో గుప్పెడు తీసి నీళ్లలో మరిగిస్తే చిక్కటి జావ సిద్ధం. పులిసిన పాలతో చేస్తే పుల్ల త్రహానాస్, తాజా పాలతో చేస్తే తీపి త్రహానాస్ అంటారు. తీపి అన్నారని చక్కెర వేస్తారనుకోవద్దు, పులుపు లేదని మాత్రమే అర్థం. పైన ఫేతా చీజ్ చిదిమి వేసుకోవడం అలవాటు.

5. కెస్కెకి

హైదరాబాదీలు తప్పక తెలుసుకోవాల్సిన వంటకం ఇది. లెస్వోస్ ద్వీపంలో గోధుమలనూ, మాంసాన్నీ పెద్ద డేగిశాల్లో రాత్రంతా ఉడికించి, రెండూ కలిసిపోయేదాకా బాగా కలియబెట్టి కెస్కెకి చేస్తారు. అగియా పరస్కెవి అనే ఊళ్లో ఏటా జరిగే చర్చి ఉత్సవంలో ఊరందరికీ ఇదే పంచుతారు. వినగానే హలీమ్ గుర్తొస్తోంది కదా? పోలిక ఊరికే వచ్చింది కాదు. అరబ్బుల హరీస్, తుర్కియే కెష్కెక్, మన హలీమ్ అన్నీ గోధుమ, మాంసం కలిపి దంచే ఒకే కుటుంబపు వంటలు. తుర్కియే కెష్కెక్‌ను యునెస్కో 2011లో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అంతకు ఏడాది ముందు, 2010లో, హైదరాబాదీ హలీమ్‌కు జీఐ ట్యాగ్ వచ్చింది. కెస్కెకిలో మాత్రం హలీమ్‌కు ఉండే మసాలా ఘాటు ఉండదు.

6. గామోపిలాఫో

క్రీట్ ద్వీపపు పెళ్లి పులావ్ ఇది. 'గామోస్' అంటే పెళ్లి. మేక లేదా గొర్రె మాంసాన్ని, నాటు కోడిని కలిపి గంటల తరబడి ఉడికిస్తారు. ఆ యఖ్నీలోనే బియ్యం వండి, చివర్లో మేక, గొర్రె పాల మీగడ నుంచి తీసిన వెన్న, నిమ్మరసం కలుపుతారు. మన బిర్యానీలా పొడిపొడిగా ఉండదు, కాస్త జారుగా వస్తుంది. వందలాది అతిథులు వచ్చే క్రీట్ పెళ్లిళ్లలో ఇది లేకుండా దావత్ పూర్తి కాదు.

7. శరణార్థులు తెచ్చిన రుచులు

గ్రీకుల వంటను మార్చేసిన సంవత్సరాలు 1922, 1923. తుర్కులతో యుద్ధంలో గ్రీస్ ఓడిపోయింది. స్మిర్నా నగరం, అంటే నేటి ఇజ్మీర్, తగలబడింది. ఆ తర్వాత లోజాన్‌లో కుదిరిన ఒప్పందంతో జనాభా మార్పిడి జరిగింది. సుమారు 12 లక్షల మంది క్రైస్తవులు గ్రీస్‌కు చేరారు. మూడున్నర లక్షలకు పైగా ముస్లింలు గ్రీస్ వదిలి తుర్కియేకు వెళ్లాల్సి వచ్చింది. రెండు వైపులా ఇళ్లూ, పొలాలూ, సమాధులూ వెనకే ఉండిపోయాయి. వెంట వచ్చింది భాష, పాట, వంట.

అలా వచ్చినదే 'సుజుకాకియా'. జీలకర్ర, వెల్లుల్లి బాగా దట్టించి, పొడవుగా చుట్టి, టమాటా గుజ్జులో ఉడికించే కోఫ్తాలివి. మిగతా గ్రీకు వంటల్లో అంతగా కనిపించని జీలకర్ర వాసన ఇక్కడ గుప్పుమంటుంది. నల్ల సముద్రపు తీరం నుంచి వచ్చినవారు 'తనోమెనోస్ సొర్వాస్' తెచ్చారు. దంచిన గోధుమలు, పెరుగు కలిపి ఉడికించి, వెన్నలో వేయించిన పుదీనాతో పోపు పెట్టే సూప్ ఇది. సొర్వాస్ అన్న మాట మన షోర్వాకు చుట్టమే. అలాగే మాంసం, టమాటాతో వండే అన్నానికి 'అజెమ్ పిలాఫి' అని పేరు. ఉర్దూ వచ్చినవారికి ఆ అజెమ్ ఎవరో చెప్పనక్కర్లేదు. అజమ్, అంటే ఇరాన్.

8. రవ్వ హల్వా

గ్రీకు ఇళ్లల్లో ఉపవాసపు రోజుల తీపి ఇది. కొలత అందరికీ కంఠతా వచ్చు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఒక కప్పు నూనె, రెండు కప్పుల రవ్వ, మూడు కప్పుల చక్కెర, నాలుగు కప్పుల నీళ్లు. నూనెలో రవ్వను దోరగా వేయించి, దాల్చిన చెక్క, లవంగం వేసి మరిగించిన పాకం పోస్తారు. బాదం కలిపి, అచ్చులో పోసి, చల్లారాక బోర్లిస్తారు. పాలు, నెయ్యి ఏవీ ఉండవు. ఇంట్లో సులువుగా చేసి చూడొచ్చు.

9. మస్తిహా 'జలాంతర్గామి'

ఖియోస్ ద్వీపపు దక్షిణ భాగంలో ఓ రకం చెట్లకు గాట్లు పెడితే కన్నీటి చుక్కల్లా బంక కారుతుంది. అదే మస్తిహా. మన యూనానీ హకీములు వాడే రూమీ మస్తగీ ఇదే. యూనానీ అన్న మాటకు అసలు అర్థమే గ్రీకు దేశానిదని. మస్తిహా సాగు విధానాన్ని యునెస్కో 2014లో వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంటికొచ్చిన అతిథికి ఈ బంక వాసనతో చేసిన తెల్లని చక్కెర ముద్దను చెంచాకు పట్టించి, చల్లని నీళ్ల గ్లాసులో ముంచి ఇస్తారు. దాని పేరు 'ఇపోవ్రిహియో', అంటే జలాంతర్గామి. ముద్దను చప్పరిస్తూ నీళ్లు తాగాలి.

ఆర్డర్ చేసే ముందు గుర్తుంచుకోవాల్సినవి

మాంసం, పాలు లేనివి కావాలంటే 'నిస్తీసిమో' అని అడగాలి. ఉపవాసపు తిండి అని దాని అర్థం. అయితే రొయ్యలు, ఆక్టోపస్, స్క్విడ్ వంటివి ఉపవాసంలో తినొచ్చని వారి నియమం. కాబట్టి శాకాహారులు అవి కూడా వద్దని విడిగా చెప్పాలి. 'హిరినో' అంటే పంది మాంసం, 'క్రాసి' అంటే వైన్. సుజుకాకియా వంటి వాటిలో వైన్ వేయడం మామూలే, ఖీమాలో పంది మాంసం కలిసే అవకాశమూ ఉంది. అడగనిదే తినొద్దు. మామూలు హోటళ్లలో మాంసం హలాల్ అని అనుకోవడానికి లేదు. జనాభా మార్పిడి నుంచి మినహాయింపు పొందిన ముస్లింలు నేటికీ పశ్చిమ థ్రేస్‌లోని కొమోతినీ, క్సాంథీ పట్టణాల్లో ఉన్నారు. హలాల్ మాంసం అక్కడ సులువుగా దొరుకుతుంది.

వీటిలో చాలా వంటలు నిమిషాల్లో తయారయ్యేవి కావు. అందుకే హడావుడిగా తిరిగే టూరిస్టుల వీధుల్లో అంతగా కనిపించవు. రెండు సందులు లోపలికి నడిచి, 'మాయిరియో' అని బోర్డున్న హోటల్ వెతుక్కోవాలి. ఇంటి వంటను పొద్దున్నే వండి, గిన్నెల్లో పెట్టి చూపించే చోటు అది. గ్రీకు రాకపోయినా ఇబ్బంది లేదు. గిన్నెల్లోకి తొంగి చూసి, కావాల్సింది వేలితో చూపిస్తే చాలు.