స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ – కర్తల జీవనభృతి

కల్వకుర్తి పల్లెల్లో నాగలి నిర్మాణం ఎవరికీ రహస్యం కాదు. అయినా పూర్వం పంట రాగానే వడ్రంగికి కళ్ళంలోనే ధాన్యం కొలిచేవారు. అది నాగలి రూపానికి వెల కాదు. చెక్కినందుకు, విరిగితే బాగుచేసినందుకు ప్రతిఫలం. కంప్యూటరు ప్రోగ్రాముల చరిత్రలోనూ ఈ లెక్కే ఎదురైంది.

ప్రోగ్రాముల మూలపాఠాన్ని అందరూ చదివి, మార్చి, పంచుకోవాలన్న సంకల్పంతో రిచర్డ్ స్టాల్మన్ 1984లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఉద్యోగం వదిలివేశాడు. మరి భుక్తి ఎలా? 1985లో తన ‘ఈమాక్స్’ ప్రోగ్రామును టేపుపై ఎక్కించి 150 డాలర్లకు పంపసాగాడు. నెట్‌వర్కు అందుబాటులో ఉన్నవారు దానినే ఉచితంగా తీసుకోవచ్చు! 1989లో వెలసిన సిగ్నస్ సంస్థ అచ్చంగా వడ్రంగి దారి పట్టింది: ప్రోగ్రాము ఊరికే, మరమ్మతుకు రుసుము.

అందరికీ ఈ అదృష్టం దక్కలేదు. ఇంటర్నెట్‌లో రహస్య సమాచారాన్ని కాపాడే ‘ఓపెన్ఎస్ఎస్ఎల్’లో 2014లో ‘హార్ట్‌బ్లీడ్’ అనే ఘోరమైన లోపం బయటపడింది. లోకమంతా వాడుకొంటున్న ఆ ప్రోగ్రాముకు అంతవరకు ఏటా అందిన విరాళాలు సుమారు 2,000 డాలర్లే. ఊరందరి నాగళ్ళూ బాగుచేసినవానికి కళ్ళంలో దక్కినవి గుప్పెడు గింజలు! పెద్ద కంపెనీలు ఆ తరువాతనే నిధి సమకూర్చాయి.

మన తెలుగు ఖతులది మరొక చిక్కు. పురుషోత్ కుమార్ గుత్తుల 2013లో రూపొందించిన ‘ఎన్.టి.ఆర్.’ ఖతిని సిలికాన్ ఆంధ్ర ‘ఓపెన్ ఫాంట్ లైసెన్సు’ కింద అందరికీ ఇచ్చింది. ఆ లైసెన్సు ప్రకారం ఖతిని విడిగా అమ్మరాదు, వేరే ప్రోగ్రాముతో కలిపి అమ్మవచ్చు. దానితో అచ్చువేసిన పుస్తకాన్ని ఎవరైనా అమ్ముకోవచ్చు. కాబట్టి ఇటువంటి ఖతి చెక్కే శిల్పికి ప్రతిఫలం చాలావరకు అది వెలువడక ముందే, చేయించుకొనేవారి నుండే రావాలి. ఒత్తులు సరిదిద్దే పని మాత్రం ఆ తరువాత ఏళ్ళ తరబడి ఉంటుంది.