గోల్ఫు దెబ్బలోని క్రమము



గోల్ఫు ఆటను మన పల్లెలలో చూచినవారు అరుదు. పొడుగు కఱ్ఱతో నేలమీది చిన్న బంతిని కొట్టుచు, దూరమున నున్న గుంటలో వీలైనన్ని తక్కువ దెబ్బలతో పడవేయుటయే ఆ యాట. స్కాట్లండు దేశమున ఇది మిక్కిలి ప్రబలెను. ప్రజలు విలువిద్యను మఱచి దీనికి మరగుచున్నారని 1457లో రెండవ జేమ్సు రాజు కాలపు పార్లమెంటు దీనిని నిషేధించెను. ఇంగ్లీషువారి వెంట మన దేశమునకు వచ్చి, 1829లో కలకత్తాలో దీనికొక సంఘము వెలసెను. అందుచే దీనిని దొరల యాట యనుట పరిపాటి. కాని యిందలి దెబ్బకు శాస్త్రము కుదిర్చిన ముఖ్యులలో ఒకడు తోటమాలి కొడుకు, ఒకడు కమ్మరి కొడుకు. ఆ సంగతియే నేడు మనవి చేసెదను.

1687లో ఎడింబరో నగరమున థామస్ కింకెయిడ్ అను వైద్యవిద్యార్థి తన దినచర్యలో ఈ దెబ్బను గూర్చి వ్రాసికొనెను. కత్తిసాము చేయువానివలె కాళ్ళు కొంచెము వంచి నిలువవలెననెను. కఱ్ఱ నెత్తునపుడు దేహము కుడికెంత తిరిగెనో, దింపునపుడు ఎడమకంత తిరుగవలెననెను. ఈ రెండు మాటలును నేటికిని చెల్లుచున్నవి. కండరములన్నియు బిగించి యుంచవలెనన్న మాట మాత్రము నిలువలేదు. బిగిసిన చేయి వడిగా తిరుగదు గదా!

తోటమాలి కొడుకు హారీ వార్డన్. 1870లో జెర్సీ దీవిలో పుట్టెను. 1896 మొదలు 1914 వఱకు బ్రిటిషు ఓపెన్ పోటీని ఆఱుసార్లు గెలిచెను. ఆ లెక్కను నేటివఱకు మఱియొకరు అందుకొనలేదు. కుడిచేతి చిటికెనవ్రేలిని ఎడమచేతి వ్రేళ్ళపై ఆనించి, రెండుచేతులును ఒక్కటియై పనిచేయునట్లు పట్టుట ఆయన పద్ధతి. అంతకుముందే లెయిడ్లే అను స్కాట్లండు ఆటగాడు అట్లు పట్టినను, లోకమున వ్యాపించినది వార్డన్ పేరనే.

కమ్మరి కొడుకు బెన్ హోగన్. 1912లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమున పుట్టి, బాల్యమున ఆటగాండ్ర సంచులు మోసెను. 1949లో ఆయన కారును బస్సు ఢీకొనగా ఎముకలు విఱిగెను. అయినను 1950లో అమెరికా ఓపెన్ పోటీని గెలిచెను. 1957లో వెలువడిన తన గ్రంథమున పట్టు, నిలుకడ, ఎత్తు, దింపు అను క్రమమున ఈ విద్యను బోధించెను. దింపునపుడు మొదట నడుము తిరుగవలెను; తరువాత భుజములు, చేతులు; కడపట కఱ్ఱ.

మంచెమీది కావలివాడు వడిసెల త్రిప్పుట మీరెఱుగుదురు. వడి దేహమున పుట్టి, చేతిలో పెరిగి, తుదకు రాతికి చేరును. గోల్ఫు దెబ్బయు నట్టిదే. మొదటనే చేతులతో బలము చూపినవానికి తుదిని వడి మిగులదు.

కఱ్ఱ బంతిని తాకియుండు కాలము సుమారు సెకనులో రెండువేలవవంతు. అంతలో దిద్దుకొనుట ఎవరి తరము? దెబ్బ మంచిచెడ్డలు అంతకుముందే తేలిపోవును. నేను చిరకాలము బడిలో అక్షరములు దిద్దించినవాడను. వ్రాత వంకరపోయినచో అక్షరమును గాక, బాలుడు కలము పట్టిన తీరును, కూర్చున్న తీరును ముందు చూచెడివాడను. గోల్ఫు గురువులును దెబ్బ తప్పినవాని పట్టును, నిలుకడనే మొదట పరీక్షింతురు. తోటమాలి కొడుకును, కమ్మరి కొడుకును దొరలకు నేర్పిన పాఠమిదియే.